కంట్రోల్ గ్రూపులో మా ఎబ్బు

ఫిబ్రవరి 3, మంగళవారం

మా ఎబ్బును తీసుకున్నారు! స్తోత్రం, స్తోత్రం, వేవేల స్తోత్రం! పొద్దున యూనివర్సిటీ తనుశ్రీ మేడం ఫోన్ చేసి, "అంకుల్, ఎబెనేజర్‌ను మా స్టడీల తీసుకున్నం" అన్నారు. ఫోన్ చెవి దగ్గర పట్టుకునే వంటింట్లోకి పరుగెత్తాను. అరవై ఆరేళ్ళ మోకాళ్ళు తమ వయసు మరిచిపోయాయి. సువార్తమ్మ బీరకాయ చెక్కు తీస్తోంది.

"తీసుకున్నరే! మన పిల్లగాన్ని తీసుకున్నరు!"

"ఎవరు, పోలీసోల్లా?" అంది ఆమె. ఈమధ్య ఆమెకు ప్రతి ఫోనూ అలాగే వినపడుతోంది.

ఆమెను మాత్రం ఏమనగలను? దసరాకు ముందు ఎబ్బు పనిచేసే కంపెనీలో మంట లేచి వాడి దోస్తు జావీద్ పోయాడు, మావాడు దక్కాడు. కానీ దక్కినవాడు దక్కినట్టు లేడు. కుక్కర్ కూత పెడితే చెవులు మూసుకుని గోడ పక్కన కూలబడతాడు. కుక్కర్‌ను అటకెక్కించి సువార్తమ్మ అన్నం గిన్నెలోనే వండుతోంది. ఇరవై తొమ్మిదేళ్ళ కొడుకు. ఇంద్రేశం నుంచి పటాన్‌చెరు దాకా ఈలలు వేసుకుంటూ బండి మీద పోయినవాడు. ఇప్పుడు గేటు దాటడు.

అందుకే కదా చర్చి హాల్లో మేడం మీటింగ్ పెట్టారని తెలియగానే వాణ్ణి బతిమాలి తీసుకుపోయాను. ఫ్యాక్టరీ ప్రమాదాల్లో బతికి బయటపడ్డవాళ్ళ భయం పోగొట్టడానికి కొత్త రకం మాటల వైద్యం ఒకటి వచ్చిందట. పన్నెండు వారాలు. అది నిజంగా పనిచేస్తుందా లేదా అని చూడటమే వాళ్ళ పరిశోధన. ఆ పిల్ల మా కూతురు క్లారా కంటే చిన్నది, అయినా ఎంత ఓపిక! కాగితమంతా చదివి వినిపించి, "ఇది నీ ఇష్టం ఎబెనేజర్. వద్దనుకుంటే వద్దను. నడుమల మానేసినా నిన్నెవరు ఏమనరు" అన్నారు.

"ఇష్టమే మేడం, వాని ఇష్టమే" అన్నాను.

"అంకుల్, ఆయన్ను చెప్పనియ్యండి."

ఎబ్బు నా ముఖంలోకి చూశాడు. తల ఊపాడు. సంతకం పెట్టాడు.

అసలు ఆనందం ఇంకా రాయలేదు. తీసుకున్నవాళ్ళను రెండు గుంపులు చేస్తారట. "ఎవరు ఏ గ్రూపుల అనేది మేం ఎంచలే అంకుల్. చీటీలు ఏసినట్టు కంప్యూటర్ ఏస్తది. మనోడు కంట్రోల్ గ్రూపుల పడ్డడు" అన్నారు. కంట్రోల్! ఇన్ని నెలలుగా మోకాళ్ళ మీద నేను అడుగుతున్నది అదొక్కటే కదా! ప్రభువా, వాడి వణుకు కంట్రోల్లోకి తీసుకురా, వాడి కలలు కంట్రోల్ చెయ్యి అని. అడిగిన మాటనే పేరుగా పెట్టి పంపించాడు. మేడం ఇంకా ఏదో వివరంగా చెబుతున్నారు, నాకు చెవికెక్కలేదు. ఆనందం అలాంటిది.

సాయంత్రం సాదుల్లా భాయ్ పంక్చర్ దుకాణానికి వెళ్ళాను. జావీద్ తండ్రి ఆయన. ఆయనకు ఈ సంతోషం చెప్పవచ్చా అని మలుపు దగ్గర కాసేపు ఆగాను. చెప్పకుండా ఉండలేక చెప్పేశాను.

"కంట్రోల్ గ్రూపా?" అన్నాడు ట్యూబును నీళ్ళలో ముంచుతూ. "బియ్యమిస్తరా అన్నా అండ్ల? రేషన్ల ఇచ్చిన కంట్రోల్ బియ్యమైతే మా ఇంట్లనే పురుగులు పడ్డయ్. వచ్చి తీస్కపో."

ఇద్దరం నవ్వాము. నవ్వి నవ్వి ఆయన భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఎబ్బు రెండో రొట్టె తిన్నాడు. రెండోది! వైద్యం ఇంకా మొదలే కాలేదు, అప్పుడే గుణం.

ఫిబ్రవరి 10, మంగళవారం

మొదటి ఫోన్ వచ్చింది. ప్రతి మంగళవారం చేస్తారు. ముందు ఎబ్బును అడుగుతారు, తర్వాత నన్ను. ఎవరి గురించి వాళ్ళు చెప్పుకుంటే సరిపోదట, ఇంట్లో దగ్గరుండి చూసే మనిషి కూడా వేరుగా చెప్పాలట. సున్నా అంటే ఏ బాధా లేదు. పది అంటే భరించలేనంత. ఉలిక్కిపాటు ఎంత, నిద్రలేమి ఎంత, బతుకు మీద విరక్తి ఎంత, ఇలా ఒక్కొక్కటీ అడుగుతారు.

వాడికి ధైర్యంగా ఉంటుందని మంచం మీద వాడి పక్కనే కూర్చున్నాను. స్పీకర్ కూడా నేనే పెట్టించాను. నిద్ర సంగతి వచ్చేసరికి వాడు నావైపు చూశాడు. నేను నవ్వి తల ఊపాను.

"మంచిగనే పడుతుంది మేడం. నాలుగు" అన్నాడు.

నేను తొమ్మిది అనుకుంటున్నాను. గోడకు ఆనుకుని తెల్లవారేదాకా కూర్చునేది నేను చూడనిదా? కానీ వాడే నాలుగంటే మధ్యలో నేనెవరిని? నా వంతు వచ్చినప్పుడు నేనూ నాలుగనే చెప్పాను. తండ్రీ కొడుకుల మాట కలిసింది. ఎంత బాగుందో!

వెంటనే సదాశివపేటకు ఫోన్ చేసి క్లారాకు చెప్పాను. సగానికి సగం తగ్గిందమ్మా అన్నాను. "నిజంగనా డాడీ? నువ్వు ఊకెనే అంటలేవు గద?" అంది. నిజంగనే అన్నాను.

ఫిబ్రవరి 16, సోమవారం

సువార్తమ్మకు చెప్పలేదు. చెప్పను కూడా.

మాటల వైద్యం ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుందామని పటాన్‌చెరు పోయాను. సోమవారాలు మేడం బస్టాండు వెనక ఒక గదిలో కూర్చుంటారు. మా ఇంటి జామకాయలు తీసుకుపోయాను. మేడం కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, "అంకుల్, ఆ దినం ఫోన్ల చెప్పిన గద. కంట్రోల్ గ్రూపుకు ఈ పన్నెండు వారాలు వైద్యం ఉండదు. ఇప్పుడు ఎట్ల ఉన్నరో గట్లనే ఉంటరు. మేం అడుగుతం, రాసుకుంటం. అవతలి గ్రూపుకు అయిపోయినంక మనోళ్ళకు మొదలుపెడతం" అన్నారు.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పారు.

"అంటే ఏమియ్యని గుంపా మేడం మాది?"

"ఇయ్యకపోవుడు కాదు అంకుల్. ఆగుడు. అందరికి ఒక్కపారే ఇస్తే, తగ్గినోళ్ళకు వైద్యంతోటి తగ్గిందా, దినాలు గడిస్తే దానంతటదే తగ్గిందా అని ఎట్ల తెలుస్తది? ఇక్కడి పరిశోధన పొలాలు చూసిన్రు గద. ఒక మడికి కొత్త ఎరువు ఏస్తరు, పక్క మడికి ఎయ్యరు. పక్కది లేకపోతే పంట ఎరువుకు పండిందా, వానకు పండిందా?"

"మడికి అమ్మ ఉండదు గద మేడం" అన్నాను.

ఆ పిల్ల తల వంచుకుంది. చెడ్డ పిల్ల కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనూ ఏడ్చాను, బయట బస్సులు హారన్లు కొడుతుంటే. మావాణ్ణి అవతలి గుంపులోకి మార్చమని చేతులు పట్టుకున్నాను. "మారిస్తే చీటీకి అర్థముండదు అంకుల్. బతిమాలినోళ్ళంత అటు, బతిమాలనోళ్ళంత ఇటు అయితరు" అన్నారు. బతిమాలడానికి ఎవరూ లేనివాళ్ళ సంగతి నాకు అప్పటిదాకా తోచలేదు. తోచినా నాకు నా కొడుకే కావాలి.

లేవబోతుంటే ఇంకొక మాట అన్నారు. "ఒక్కటి మాత్రం యాదికుంచుకోండి. నడుమల ఎబెనేజర్‌కు ఎక్కువైనట్టు కనిపిస్తే వెంటనే నాకు చెప్పాలె. మంగళారం దాక ఆగొద్దు. స్టడీ నుంచి తీసేస్తం."

తీసేస్తం.

ఆ మాట నాకు చెప్పాలా? నా జన్మంతా కాంట్రాక్టు మీద బాయిలర్ దగ్గర చేసినవాణ్ణి. జ్వరమొచ్చి మానేస్తే తీసేస్తారు. చెయ్యి కాలితే తీసేస్తారు. కళ్ళు తిరిగి పడితే నీళ్ళు చల్లి, లేపి, తీసేస్తారు. బాగున్నవాణ్ణి ఎవరు తీసేస్తారు? బాగాలేనివాణ్ణే తీసేస్తారు.

వరుసలో మన వంతు వచ్చేదాకా నిలబడాలి. నిలబడ్డట్టు కనపడాలి. అంతే కదా. ఈ మాత్రం చేయలేనా?

జామకాయలు అక్కడే మరిచిపోయి వచ్చాను. తింటే మంచిదే.

ఫిబ్రవరి 18, బుధవారం

భస్మ బుధవారం. ఆరాధనకు సువార్తమ్మా నేనూ వెళ్ళాము. ఎబ్బు రాలేదు. తిరిగి వస్తుంటే సాదుల్లా భాయ్ దుకాణం మూస్తూ, "రేపటి సంది మాకు రోజాలు, మీకు ఉపాసాలు. ఈపారి ఇద్దరం కలిసి బక్కగైతం అన్నా" అన్నాడు. తర్వాత, "పిల్లగాని వైద్యం ఎట్ల నడుస్తుంది?" అని అడిగాడు.

జబర్దస్త్‌గా నడుస్తుంది అన్నాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఫోన్ వచ్చింది. ఎబ్బు మూడు అన్నాడు. నేను రెండు అన్నాను.

మధ్యాహ్నం పక్కింటివాళ్ళ కుక్కర్ కూసింది. వాడు స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. సువార్తమ్మ తలుపు బయట కూర్చుని చిన్నప్పటి పాట పాడింది, వాడు వచ్చేదాకా. అది ఒక్కసారే కదా. రోజులో మిగతా సమయమంతా వాడు చాలా నెమ్మదిగా ఉన్నాడు. అది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రెండు అబద్ధం కాదు. ప్రభువు చేయబోయేది కొంచెం ముందుగా చెప్పడం.

ఫిబ్రవరి 27, శుక్రవారం

బాగున్నాడు.

మార్చి 1, ఆదివారం

ఎంత మంచి ఆదివారం! ఎలా రాయాలో తెలియడం లేదు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఎబ్బు గేటు దాటాడు! తనంతట తానే! గడ్డం గీసుకుని, ఇస్త్రీ షర్టు వేసుకుని, బండి తుడుచుకుని బయటికి పోయాడు. నేను గేటు పట్టుకుని నిలబడి స్తోత్రం చెబుతూనే ఉన్నాను. నడిచి తిరిగి వచ్చాడు. బండి ఏదిరా అంటే, "సాదుల్లా చాచాకు ఇచ్చిన డాడీ. ఆయనది పాతదైంది గద" అన్నాడు. బండి, చేతి గడియారం కూడా. నా కొడుకు మనసు చూడు! ఉపవాస దినాల్లో దానం చేయాలని పాస్టర్‌గారు చెబితే మేమంతా విన్నాము, చేసింది వాడు.

అంతేనా? బీరువా అంతా సర్ది, మంచి షర్టులు మడతపెట్టి క్లారా భర్తకు అని ఒక సంచిలో పెట్టాడు. క్లారాకు తానే ఫోన్ చేసి పిల్లలతో ఎంతసేపో మాట్లాడాడు. ఇన్ని నెలల తర్వాత వాడి ముఖంలో ఎంత శాంతి!

సువార్తమ్మ మాత్రం ఆ సంచి ముందు కూర్చుని ఏడుపు. "నాకు మంచిగనిపిస్తలేదయ్యా" అంటుంది.

"మంచిగుంటె ఏడుస్తవ్, మంచిగ లేకుంటె ఏడుస్తవ్. నీకేం గావాలె?" అని గట్టిగా అన్నాను. ఇలాంటి రోజున కూడా సంతోషపడటం చేతకాకపోతే ఎలా?

మార్చి 3, మంగళవారం

నేను ఒకటి అన్నాను. ఎబ్బు కూడా ఒకటి. విరక్తికి సున్నా.

మేడం సంతోషిస్తారనుకున్నాను. కాగితాలు వెనక్కి తిప్పిన చప్పుడు వినపడింది. "అంకుల్, ఇంత జల్దీ తగ్గిందా? మీ ఇద్దరి అంకెలు ప్రతిసారి దాదాపు ఒక్కటే వస్తున్నయ్. అడిగేటప్పుడు మీరు పక్కన కూసుంటున్నరా?" అన్నారు.

"తండ్రిని గద మేడం."

"అందుకే అంకుల్. మన ముందట ఉన్నోళ్ళకు ఏది వినాలనుంటదో మనుషులు అదే చెప్తరు. అబద్ధమాడాలని కాదు, ప్రేమతోటి. జెర మీరు బయటికి పోండి, నేను ఆయనతోటి మళ్ళ మాట్లాడుత."

గుమ్మం అవతల నిలబడ్డాను. వాడు మళ్ళీ అవే అంకెలు చెప్పాడు. గట్టిగానే చెప్పాడు, గుమ్మం దాకా వినపడేలా.

చూశారా మేడం అని మనసులో అనుకున్నాను. లోపలికి వచ్చేసరికి వాడు ఫోన్ పెట్టేసి, "సరిపోయిందా డాడీ?" అని అడిగాడు.

మార్చి 7, శనివారం

బాగున్నాడు. బాగున్నాడు. ఈ మాట రాస్తే చేతికి బలం వస్తుంది.

మార్చి 9, సోమవారం

రాయడానికి ఏమీ లేదు. వాడు నెమ్మదిగా ఉన్నాడు. నాకే రెండు రోజులుగా అన్నం దిగడం లేదు. ఎండలు.

మార్చి 12, గురువారం

నిన్న రాయలేదు. ఇవాళ వరుసగా రాస్తాను, తొందరపడకుండా.

నిన్న నాలుగింటికి సాదుల్లా భాయ్ వచ్చాడు. ఎబ్బు బండి మీదే వచ్చాడు. రోజా ఉన్న మనిషి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు. జేబులోంచి గడియారం తీసి, బండి తాళంచెవితో కలిపి నా చేతిలో పెట్టాడు.

"ఇవి తీస్కో అన్నా."

"ఎందుకు భాయ్? వాడు ప్రేమతోటి ఇచ్చిండు. బండి మంచిగ నడుస్తలేదా?"

"బండి మంచిగనే ఉంది. నీ కొడుకే మంచిగ లేడు."

"ఏం మాట్లాడుతున్నవ్? మొన్ననే ఫోన్ల ఒకటి చెప్పిన."

"నీ ఒకటి రెండు నాకు తెల్వదు. నా జావీద్‌కు ఏది ఎవరికియ్యాల్నో చెప్పనీకి కూడ టైం దొరకలె. నీ కొడుకు నిమ్మళంగ కూసోని ఒక్కొక్కటి పంచుతున్నడు. పెండ్లి చేసుకోని పోతున్నడా, దేశం విడిచి పోతున్నడా? యాడికి పోతున్నడని అడిగినవా?"

నేను తాళంచెవి తిరిగి ఆయన చేతిలో పెట్టబోయాను.

"నిన్న దుకాణం కాడ కూసోని ఏమన్నడో తెల్సా? ఆ దినం షిఫ్టు మార్చుకోమని జావీద్‌ను తనే అడిగిండంట. 'నేనుండాల్సిన జాగల వాడుండె చాచా' అన్నడు. నా నోరు పడిపోయింది. ఏం చెప్పాల్నో తెల్వక పానా తీస్కోని చక్రం తిప్పుకుంట కూసున్న. వాడు లేచి పోయిండు. అప్పటి సంది నా పానం ఆగుతలేదు. పిలువు వాన్ని."

వాడు ఇంట్లో లేడు. చర్చికి పోతున్నానని చెప్పి పోయాడు. సువార్తమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. "పోయేటప్పుడు నా నెత్తిన ముద్దు పెట్టి పోయిండయ్యా" అంది. "వాడు ఎన్నడన్న పెట్టిండా?"

అప్పుడు నాకు అన్నీ కలిసిపోయి ఒక్కటే కనపడింది. బండి, గడియారం, షర్టుల సంచి, గీసిన గడ్డం, ఆ శాంతి. నేను స్తోత్రం చెప్పిన ప్రతిదీ.

మేడంకు ఫోన్ చేశాను. నంబరు సాదుల్లా భాయ్ నొక్కి ఇచ్చాడు.

"మేడం, నేను చెప్పినయన్ని అబద్ధం. పది మేడం. మొదటి దినం సంది పదే. మావాన్ని తీసెయ్యండి. వైద్యం ఇయ్యకపోతే మానె, తీసెయ్యండి. కని ఏమన్న చెయ్యండి, మీ కాళ్ళు మొక్కుత."

"అంకుల్, ఎబెనేజర్ ఇప్పుడు యాడున్నరు?"

"ఇంట్ల లేడు."

"ఆంటీని ఇంట్లనే ఉండమనండి. మీరు వెతకండి. ఫోన్ కట్ చెయ్యకండి. నేను బయలుదేరుతున్న, మా డాక్టర్‌కు చెప్తున్న. దొరికినంక ఒక్క నిమిషం కూడ ఒంటరిగ విడిచిపెట్టొద్దు."

చర్చిలో లేడు. బండి మీద సాదుల్లా భాయ్ వెనక కూర్చున్నాను, ఫోన్ చెవికి పెట్టుకుని. ఎటు పోవాలో నాకు తెలియలేదు. ఆయన అడగలేదు. "నా కొడుకు కాడనే ఉంటడు" అని పటాన్‌చెరు దారి పట్టాడు. రోడ్డు నిండా లారీలు. నేను ఏ ప్రార్థనా చేయలేకపోయాను. ఎబ్బూ ఎబ్బూ అని మాత్రం అంటూ ఉన్నాను, ఫోన్లో మేడం, "వింటున్న అంకుల్, వింటున్న" అంటూ ఉన్నారు.

ఖబ్రస్తాన్ గోడకు ఆనుకుని, జావీద్ సమాధి పక్కన కూర్చుని ఉన్నాడు. ఉన్నాడు! నేను పరుగెత్తబోతే సాదుల్లా భాయ్ నా భుజం పట్టి ఆపాడు.

"నువ్వు ఈడనే ఉండు. నువ్వు పోతే మంచిగున్న అంటడు."

ఆ మాట గుండెలో దిగింది. గేటు దగ్గరే ఉండిపోయాను.

ఆయన పోయి వాడి పక్కన నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు వాడి వీపు నిమిరాడు. తర్వాత ఆయన గొంతే వినపడింది. "నా మాటనే ఇనకపోయేటోడు వాడు. నీ మాట ఇంటడా? షిఫ్టు మార్చుకుంటె ఆదివారం సుట్టి దొరుకుతదని వాడే ఖుష్ అయ్యిండు, ఇంటికొచ్చి నాకు చెప్పిండు. నువ్వు పంపలె బేటా. వాడు పోయిండు. మంట పెట్టింది నువ్వు కాదు." వాడి చెయ్యి పట్టుకుని, "నిన్న నాకు నోరు రాలె. మాఫ్ చెయ్యి. ఒకరి మట్టి చూసిన. ఇంకొకరిది చూసే తాకత్ నాకు లేదు" అన్నాడు.

ఎబ్బు ఏడ్చాడు. ప్రమాదం తర్వాత వాడు ఏడవడం అదే మొదలు. మసీదులో అజాన్ వినపడింది. సాదుల్లా భాయ్ జేబులోంచి కాగితంలో చుట్టిన ఖర్జూరాలు తీసి, ఒకటి వాడి చేతిలో పెట్టి, వాడు నోట్లో వేసుకున్నాకే తన రోజా విడిచాడు.

అప్పుడు వాడు లేచి నా దగ్గరికి వచ్చాడు.

"డాడీ, నేను మంచిగ లేను" అన్నాడు. "నాకు బతకబుద్ధి అయితలేదు."

ఎన్ని మాటలు చెప్పేవాణ్ణి నేను!

"అవు బిడ్డా" అన్నాను. "నువ్వు మంచిగ లేవు."

వాడు నా భుజం మీద తల పెట్టాడు. బరువంతా వేశాడు.

మేడం కారులో వచ్చి మమ్మల్ని సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకొచ్చారు. డాక్టర్ సిద్ధంగా ఉన్నారు. ఎబ్బును లోపలికి తీసుకుపోయాక నేను మేడం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. తీసేస్తారని భయపడి చెప్పలేదని చెప్పాను. ఆ పిల్ల నా చేతులు విడదీసింది.

"స్టడీ నుంచి తీసేస్తమన్న అంకుల్. వైద్యం నుంచి కాదు. ఎక్కువైనోళ్ళను ఆ గ్రూపుల ఉంచుడు తప్పు. అందుకే తీసేసి అదే దినం వైద్యం మొదలుపెడతం. తీసేసుడంటే గదే." తర్వాత బల్ల మీద కూర్చుని ముఖం తుడుచుకుంటూ, "ఆ మాట నేను ఇంక మంచిగ చెప్పాల్సుండె. మీకు అర్థమైందా అని తిరిగి అడగాల్సుండె. మీరు దాచిన్రు నిజమే, కని నేను అడగలె" అన్నారు.

ఇన్నాళ్ళూ ఆ తలుపు తెరిచే ఉంది. నేనే దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

నేను చెప్పిన అంకెలన్నీ కొట్టేయమన్నాను. "కొట్టెయ్యం అంకుల్. ఎందుకు తప్పు వచ్చినయో పక్కన రాస్తం. వేరే ఇంట్ల ఇంకో తండ్రి గట్లనే చెప్తుండచ్చు. అందరికి ఈ రాత్రికే ఫోన్లు చేస్తున్న" అన్నారు.

మార్చి 14, శనివారం

ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. చదివేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి, ఇది ఎంత మంచి వార్తో ధైర్యంగా రాస్తున్నాను. నా కొడుకు బాగాలేడు! తన నోటితోనే చెప్పాడు, డాక్టర్ విన్నారు, రాసుకున్నారు, మందు మొదలుపెట్టారు. మందు పట్టడానికి వారాలు పడుతుందట. మాటల వైద్యం తర్వాత. మళ్ళీ వెనక్కి పోయే రోజులు కూడా ఉంటాయని ముందే చెప్పారు. ఒంటరిగా ఉంచవద్దన్నారు. మేము ఒకరి తర్వాత ఒకరం ఉంటున్నాము. ఈ మధ్యాహ్నం సువార్తమ్మ వంతు.

డాక్టర్ అదే పాత ప్రశ్న అడిగారట, సున్నా నుంచి పది దాకా. నేను అప్పుడు కింద చాయ్ తెస్తున్నాను. వాడు ఆలోచించి, "ఎనిమిది" అన్నాడట. ఎవరి ముఖమూ చూడకుండా, తలుపు వైపు కూడా చూడకుండా అన్నాడని సువార్తమ్మ చెప్పింది.

ఎనిమిది! చాయ్ ఒలికిపోయింది. నిజమైన ఎనిమిది. నాలుగూ మూడూ ఒకటీ అన్నప్పుడు పొంగిపోయానే, అవేవీ దీనికి సాటిరావు. స్తోత్రం. భయం ఉండనే ఉంది, స్తోత్రం కూడా వస్తూనే ఉంది. రెండూ ఉండనీ.

ఇప్పుడు అందరికీ చెప్పాలి. తగ్గిపోయిందని ఊరూరా ఫోన్ చేసింది నేనే కదా.

క్లారా, సదాశివపేట. ముందు బిడ్డకే. షర్టుల సంచి ఎవరూ తీసుకోవద్దని చెప్పాలి. ఏడుస్తుంది, మధ్యలో ఆపకూడదు.

తమ్ముడు బిల్లీ, తెల్లాపూర్. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర డ్యూటీ దిగాక చేయాలి. ఇన్నాళ్ళు దాస్తవా అని తిడతాడు. తిట్లు అయిపోయాక, రాత్రులు ఎబ్బు దగ్గర పడుకోవడానికి రమ్మని అడగాలి.

బావమరిది సునీల్‌కుమార్, జోగిపేట. ప్రార్థన చాలు, మందులెందుకు అంటాడు. ప్రార్థనా చేయి, మందులకూ అడ్డురాకు అనాలి.

మరదలు పుష్ప, జోగిపేటే. ఆమెకు చెబితే సాయంత్రానికి సంఘమంతా తెలుస్తుంది. మంచిదే, నాకు కొన్ని ఫోన్లు తప్పుతాయి.

అక్క అరుణమ్మ, జహీరాబాద్. చెవులు సరిగా వినపడవు. బాగాలేడు అంటే బాగున్నాడు అని విని, సంతోషంతో పాట ఎత్తుకుంటుంది. గట్టిగా, మెల్లగా, రెండుసార్లు చెప్పాలి. ఏం విన్నదో తిరిగి నాకు చెప్పమనాలి.